ఢ ఏ మీటలో ఉంది?

నా భార్య చనిపోయాక ఆమె డీటీపీ షాపును ఏం చేయాలో నాకు తెలియలేదు. బందరులో ఒక్క గది, మూడు పాత కంప్యూటర్లు, ఒక ప్రింటరు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అర్జీలు అక్కడ తయారయ్యేవి. నేను లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. షాపు నిజానికి నడిచేది పదిహేనేళ్లుగా అక్కడ టైపు చేస్తున్న ఆవిడ వల్ల. నా భార్యను పిన్నిగారూ అని పిలిచేది కాబట్టి నేను బాబాయిగారినయ్యాను.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు ఉండవు కనుక షాపులో మరమ్మతులు చేయించుకునే నెల అది. కంప్యూటర్లు చూడటానికి వచ్చిన మెకానిక్, వీటిలో ఉన్న సిస్టముకు ఇక అప్‌డేట్లు రావనీ, కొత్త సిస్టము వీటిలో ఎక్కదనీ తేల్చాడు. మూడు కొత్త కంప్యూటర్లు, ఒక్కోదానికి లైసెన్సు, డిజైన్లకు మరో సాఫ్ట్‌వేర్ కొనాలి. మొత్తం ఏడాది అద్దెను మించింది. గది ఖాళీ చేస్తామని ఓనరుగారికి చెప్పేశాను. ఆ మాట విన్న ఆవిడ మర్నాడు గుడివాడ నుంచి ఒక భాయ్‌ని పిలిపించింది.

ఆయన మందుల షాపులకూ, చిన్న స్కూళ్లకూ పాత కంప్యూటర్లలో లినక్స్ అనే వేరే సిస్టము వేసి ఇస్తారట.

"దీనికి లైసెన్సు డబ్బులుండవు సార్. నలుగురూ కలిసి రాసుకున్నది. ఎవరైనా వాడుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు."

"ఊరికే వచ్చేది ఎన్నాళ్లు నడుస్తుందండీ?" అన్నాను.

"సిస్టమే ఊరికే సార్. నేను ఊరికే కాదు. బస్సు ఛార్జీ, భోజనం, నా కూలీ ఇవ్వాలి."

మధ్యాహ్నానికి మూడూ లేచాయి, మునుపటికన్నా చురుగ్గా. డిజైన్ల సాఫ్ట్‌వేర్ కూడా పైసా లేకుండానే దొరికింది. ప్రింటరు దారికి రావడానికి మాత్రం సాయంత్రమైంది. అప్పుడు ఆవిడ కూర్చుని 'శుభలేఖ' అని కొట్టింది. తెర మీద పలకడానికి వీల్లేని మాటేదో పడింది.

"ఇదేం భాష భాయ్‌గారూ?"

అక్షరాలు ఆవిడకు అలవాటైన మీటల్లో లేవు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. "కొత్తగా నేర్చుకోవడం నావల్ల కాదండీ. బాబాయిగారన్నట్టు మూసేయడమే."

భాయ్ నవ్వారు. "ఏ మీటకు ఏ అక్షరమో ఒక ఫైల్లో రాసుంటుంది చెల్లెమ్మా. తాళం వేసిన ఫైలేం కాదు. మీ వేళ్లకు తగ్గట్టు తిరగరాస్తాను. చెప్పండి, క ఎక్కడ?"

ఆవిడ కీబోర్డు వైపు చూసింది. మీటల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. "నోటితో చెప్పలేనండీ. వేళ్లకే తెలుసు."

దాంతో మర్నాడు ఉదయం నుంచీ ఆవిడ కళ్లు మూసుకుని పెళ్లి కార్డులో ఉండే మాటలు కొట్టడం, ఏ వేలు ఏ మీట మీద పడుతోందో చూసి భాయ్ రాసుకోవడం. క్ష కోసం 'నక్షత్రయుక్త' అని కొట్టింది. త్త కోసం 'మేనత్త'. పన్నెండయ్యేసరికి కార్డు మొత్తం భాయ్‌కి కంఠతా వచ్చింది.

"ఇక పంతులుగారు రాకపోయినా లగ్నం నేనే చెప్పేస్తా" అన్నారు. "ఢ ఒక్కటీ మిగిలింది. కొట్టండి."

ఆవిడ వేళ్లు గాలిలో ఆగిపోయాయి. "రావట్లేదండీ."

"ఆషాఢం అని కొట్టమ్మా" అన్నాను.

"ఆషాఢంలో పెళ్లెవరు చేస్తారు బాబాయిగారూ? ఆ మాట నేనెప్పుడు కొట్టాను?"

ముగ్గురం ఆలోచించాం. నాకు గాఢం, దృఢం, మూఢం తోచాయి. ఒక్కటీ పెళ్లి కార్డుకు పనికొచ్చేది కాదు. ఉన్నట్టుండి ఆవిడే, "పెళ్లికొడుకు ఉద్యోగం!" అని కళ్లు మూసుకుని టకటకా కొట్టింది: సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఢిల్లీ.

భాయ్ చప్పట్లు కొట్టారు. భార్య పోయాక నేను గట్టిగా నవ్వడం అదే మొదలు.

శ్రావణం పెళ్లిళ్లకు తొలి కార్డు చల్లపల్లి వాళ్లది. ఆవిడ అది టైపు చేస్తుండగా, సెల్‌ఫోన్ల షాపు పెడతానంటూ ఒకాయన గది చూడటానికి వచ్చాడు. ఓనరుగారు పంపారట. ఏం చెప్పాలో తేల్చుకోలేక ఆవిడ వైపు చూశాను.

ఆవిడ తల ఎత్తలేదు. "ఖాళీ లేదండీ" అంది. "పెళ్లిళ్ల సీజను."