చంద్రుడి గాలీ, మారెక్క గొంతూ

మారెక్క చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది. అయినా ఇరవయ్యేళ్లకు, బెళుగుప్ప దగ్గరి పల్లెలోని వయోజన విద్యా కేంద్రంలో పదిమంది ఆడవాళ్లకు అక్షరాలు నేర్పే పంతులమ్మ అయింది. కాదనడానికి నోరు రాక ఒప్పుకున్న పని అది. సిగ్గుతో ఎప్పుడూ బోర్డు వైపు తిరిగే పాఠం చెప్పేది. ఏడాదిలో అందరికంటే ఎక్కువ నేర్చుకున్నది ఆ బోర్డేనని తనలో తనే నవ్వుకునేది.

1979లో సూపర్‌వైజరు శ్రీరంగప్ప వస్తున్నాడని కబురొచ్చింది. ఆడవాళ్లు చదవలేకపోతే కేంద్రం మూసేస్తారు. మూసేస్తే మారెక్క మళ్లీ వేరుశనగ బుడ్డలు ఒలిచే కూలికే.

ఆ సాయంత్రం పత్రికలో చదివిన సంగతేదో బోర్డుకు చెబుతోంది.

"చంద్రుని మీద గాలి ఉండాది. శానా పల్చన."

"చంద్రునికి గాలి సోకిందా?" అంది తిప్పమ్మ. "మెడ లేనోనికి తాయెత్తు యాడ కడతారే?"

అందరూ విరగబడి నవ్వారు.

"ఆ గాలి కాదత్తా. ఇది పీల్చను గూడా చాలదు. ఏడేండ్ల కింద ఆడికి పోయినోళ్లు, గాలిలో ఏమేముండాదో చెప్పే మిషను పెట్టొచ్చినారు. పగటి ఎండకి వాళ్లు ఇడిసొచ్చిన సామాన్లే కాగి వాయువులు వదిలేవంట. మిషను వాటినే లెక్కేసేది. రాత్రి చల్లబడినాకే చంద్రుని సొంత గాలి తెలిసింది." బోర్డు మీద హీలియం, ఆర్గాన్ అని రాసింది.

"అంటే, చూడబోయినోళ్ల గాలే అడ్డమొచ్చింది!" అంది తిప్పమ్మ.

"అవునత్తా" అంటూ తిరిగిన మారెక్కకు గుమ్మంలో శ్రీరంగప్ప కనిపించాడు.

"చదవండమ్మా" అన్నాడాయన.

నిన్న గడగడా చదివినవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన పెన్ను తీశాడు. వీళ్లకు వచ్చు సార్ అని చెప్పబోయింది మారెక్క. పెదవులు కదిలాయి, అంతే.

తిప్పమ్మే లేచింది. "ఏమప్పా, నువ్వు రోంత బయటికి పో. నీ గాలి పోయినాక చదువుతాం."

ఉద్యోగం అక్కడికక్కడే ఊడిందనుకుంది మారెక్క. శ్రీరంగప్ప మాత్రం నవ్వాపుకుంటూ బయటికెళ్లి కానుగ చెట్టు కింద నిలబడ్డాడు. లోపల పదిమందీ ఒకరి తర్వాత ఒకరు చదివారు, తప్పులతో సహా, గట్టిగా.

"ఇప్పుడు పంతులమ్మ!" అని అక్కడినుంచే కేకేశాడు.

మారెక్క పుస్తకం పట్టుకుంది. గొంతు పెగల్లేదు.

"ఇంకా దూరం పోప్పా!" అని అరిచింది తిప్పమ్మ. ఆయన దారి దాటాడు. చాల్లేదు. కల్లం దాకా పోయాడు. అప్పుడు మారెక్క పేజీ మొత్తం చదివింది, ఒక్క తప్పు లేకుండా, బోర్డుకు.

కేంద్రాన్ని ఇంకో ఏడాది ఉంచారు. రిపోర్టులో పంతులమ్మ గురించి శ్రీరంగప్ప ఒక్క ముక్కే రాశాడు: "చక్కగా చదివినదట."