ఓడిన టీమ్ తోలు టోపీ

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ వయసులో నాకు వచ్చిన విద్య ఒక్కటే: కొనేటప్పుడు సరుకును తిట్టడం, అమ్మేటప్పుడు పొగడటం. ప్రొద్దుటూరు బజారులో మా నాన్న పాత్రల అంగడికీ, చిన్నాయన బట్టల అంగడికీ మధ్య పెరిగినవాడికి ఇంకేం వస్తుంది? కువైట్ వెళ్లి అక్కడి ఖైతాన్ పేటలో పాత సామాన్ల దుకాణంలో చేరినా ఆ విద్య మీదే బతికాను. ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక దుకాణం మూతపడింది గానీ, నా నోరు మూతపడలేదు.

మా పై అంతస్తులో ఒక అమెరికన్ తాత దాక్కుని ఉండేవాడు. (దొరికితే సైనికులు బందీగా పట్టుకుపోతారని కిటికీ కూడా తెరిచేవాడు కాదు.) బియ్యం కావాలని కబురు పెడితే ఒక సంచి మోసుకెళ్లి, బదులుగా మూలనున్న పెట్టె మీద కన్నేశాను. అందులో ఒక తోలు టోపీ, కోడిగుడ్డులా సాగిన బంతి. "ఇదేం బంతి తాతా, సొట్టపోయింది!" అని అలవాటుగా తిట్టాను. అది అమెరికా ఫుట్‌బాలట. జీతానికి ఆడిన తొలినాటి టీముల్లో ఒకటి వాళ్ల ఊళ్లో ఉండేదట. అందరూ పిండిమిల్లు కూలీలే, వాళ్లలో ఈయన తండ్రి ఒకడు. జనం రాక రెండేళ్లకే ఆ టీమ్ మూతపడిందట. బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తుతారట, మిగతావాళ్లు మీద పడతారట, లేచి గుంపుగా నిలబడి మంతనాలాడతారట. (గంటసేపు విన్నాను. ఎవరు ఎవర్ని ఎందుకు తోస్తారో ఈనాటికీ తెలియదు.) అన్నీ ఓడి, ఒక్కసారి మాత్రం మంచు కురుస్తుండగా పక్క ఊరి పెద్ద టీమ్ మీద గెలిచారని చెబుతూ తాత టోపీ మీది దుమ్ము తుడిచాడు. "పెట్టె తీసుకో. అడిగినవాళ్లకు వాళ్ల కథ చెప్పు" అన్నాడు. ఖర్చులేని షరతు కదా, సరేనన్నాను.

వారం తర్వాత జోర్డాన్ వెళ్లే బస్సులో నాకూ, నా గదిలో ఉండే అమలాపురం బాబాయికీ సీట్లు దొరికాయి. ఊరు దాటగానే సైనికులు బస్సు ఆపి అందర్నీ దింపి, పెట్టెలు విప్పించారు. మీసాల సైనికుడొకడు టోపీ పైకెత్తి, "ఏంటిది?" అన్నాడు. సరుకు చేత్తో పట్టుకున్న మనిషి కనబడితే నా నోరాగుతుందా? "అసలైన అమెరికా సరుకు సార్! ఇనప కడ్డీతో కొట్టినా తల పగలదు!" అనేశాను, నాకొచ్చిన బజారు అరబ్బీలో.

"అమెరికా సైన్యం టోపీయా? ఎవరిచ్చారు?" అతని చెయ్యి తుపాకీ మీదకెళ్లింది.

బాబాయి నా నడుం గిల్లాడు. "ఒరేయ్ నాయనా, అమ్మకం ఆపరా! ఈడు మనిద్దర్నీ ఇక్కడే ఉంచేత్తాడు!"

చెప్పకపోతే బస్సు పోతుంది, చెబితే తాత పోతాడు. అప్పుడు తెలివొచ్చి, గబగబా కొనేవాడి వైపుకు మారాను. "పనికిమాలిన సరుకు సార్! పాత సామాన్లలో దొరికింది. ఎప్పుడో ఎత్తిపోయిన ఫుట్‌బాల్ టీమ్‌ది."

"ఫుట్‌బాల్‌కు టోపీ ఎందుకు?"

"చేత్తో ఆడతారు సార్."

అతని ముఖంలో నా అయోమయమే కనబడింది. బంతి చంకలో పెట్టుకుని, ఇసుకలో నాలుగడుగులు పరుగెత్తి, "బాబాయ్, నా మీద పడు!" అన్నాను. బస్సు తప్పుతుందన్న కోపమంతా కలిపి బాబాయి మీద పడ్డాడు. నోట్లో ఇసుక.

సైనికుడు నవ్వు ఆపుకుంటూ, "ఎన్ని గెలిచారు?" అన్నాడు.

"ఒక్కటీ లేదు సార్! అన్నీ ఓడి ఖలాస్!"

బంతి తనుంచుకుని, టోపీ నా ఒళ్లోకి విసిరాడు. "యల్లా, పోండి!"

తాత ఏమయ్యాడో తెలియలేదు. ఆ టోపీ ఇప్పుడు మా అంగట్లో నా నెత్తి పైనే వేలాడుతుంది. ఎవరైనా "ఎంతకిస్తావబ్బా?" అంటే ఇన్నేళ్ల బేరగాడికి ధర నోటికి రాదు. "అమ్మేది కాదులే. ముందు కూర్చో" అంటాను. ఆ రోజు ప్రాణభయంతో మింగేసిన ఆ ఒక్క గెలుపు నుంచే కథ మొదలుపెడతాను. మంచు నేనెన్నడూ చూడలేదు గానీ, చెప్పేటప్పుడు మాత్రం బాగానే కురిపిస్తాను.