అత్త నాలుగుసార్లు వెళ్లిన గోదావరి

డిగ్రీ చివరి సంవత్సరంలో, ఒక వక్తృత్వ పోటీలో, వికలాంగుల హక్కుల మీద మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. మెట్లు కట్టినవాళ్లను వదిలేసి ఎక్కలేనివాళ్లలో లోపం వెతుకుతున్నామన్న నా వాక్యానికి సభ చాలాసేపు చప్పట్లు కొట్టింది. ఆ వేసవిలోనే మా మేనత్తను జీపులో భద్రాచలం మీదుగా చర్ల దారి దాకా తిప్పి తీసుకురావాలని సంకల్పించాను.

అత్తకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. ఖమ్మంలో మా ఇంటి ముందుగదిలో, కుడికాలితోనే మిషను తొక్కుతూ జాకెట్లు కుట్టేది. ఇంట్లో చంకకర్రతో తిరిగేది. ఇరవై అడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునేది.

ప్రయాణ ప్రణాళికను నేను వాదనలాగే కట్టాను. చూడదగ్గ చోట్ల గురించి తెలిసినవాళ్లందరినీ ఎంత నడవాలని అడిగాను. అందరూ "గింత దూరమే" అన్నారు. ఆ మాటను నమ్మలేక అలాంటి చోట్లన్నీ కొట్టేశాను. మిగిలినవి: ఏన్కూరు దాటాక అడవి, భద్రాచలం వంతెన, చర్ల దారిలో నది కనబడే మలుపులు. అన్నీ కిటికీలోంచే. టీ కూడా జీపులోకే. ప్రతి చోటు పక్కనా 'నడక: సున్నా' అని రాసి, జాకెట్‌కు హుక్కులు కుడుతున్న అత్తకు చదివి వినిపించాను.

"ఎట్లుంది అత్తా?"

"మంచిగుందే లాయరమ్మా. ఇస్త్రీ బట్టలు మడతపెట్టి పెట్టెల వెట్టినట్టు తీస్కపోతున్నవ్ నన్ను."

నవ్వాను. "ఇంతకుముందు గోదావరికి పోయినవా?"

"అవ్, నాలుగుసార్లు. మన చర్చోళ్లు ఎండాకాలం పిక్నిక్ పోతరు గద."

"ఏం చూసినవ్?"

"చెప్పులు."

హాస్యమాడుతోందనుకున్నాను. అత్త సూది ఆపలేదు.

"నవ్వుతవేందే? గట్టు అవతల కూసోబెట్టి, 'అక్కా, జర చూసుకో' అని చెప్పులు, సంచులు, బువ్వగిన్నెలు నా ముంగట వెట్టి అందరు దిగిపోయేటోళ్లు. నాలుగోసారి ఒకామె చంటిపిల్లను గూడ ఇచ్చిపోయింది. నీళ్లల్ల మీ ఒర్లుడు మాత్రం మస్తు ఇనబడేది."

"మా అరుపులా?"

"నువ్వు లేవా? మూడోసారి ఎర్ర చెప్పులు నా ఒళ్లెకు ఇసిరేసి ఉరికినవ్. ఒకదానికి బకిల్ తెగింది."

ఆ ఎర్ర చెప్పులు నాకు బాగా గుర్తు. బకిల్ తెగిన చోట అమ్మ పిన్నీసు పెట్టడం గుర్తు. వాటిని ఎవరి ఒడిలోకి విసిరానో మాత్రం గుర్తులేదు. మేమంతా చూడటానికి వెళ్తే అత్త చూసుకోవడానికి వచ్చింది. అదే క్రియ. దానికి 'కో' అని చిన్న తోక తగిలించి, ఆమె వంతు నదిని ఆమెకు దక్కకుండా చేశాం. నాలుగుసార్లు చేశాం. చప్పట్లు కొట్టించుకున్న నా ఉపన్యాసంలో ఆమె ఎక్కడా లేదు.

అత్త కాగితం లాక్కుని చూసింది.

"గీ సున్నాలేంది?"

"నడక. నువ్వెక్కడా దిగక్కర్లేదు."

"దిగనని నేనన్ననా? అడిగినవా నన్ను?"

ఎదుటిపక్షం ప్రశ్న ముగియకముందే జవాబు సిద్ధం చేసుకోవడం నేర్చినదాన్ని. ఆ పూట కాగితం తిరిగి తీసుకుని సున్నాలు కొట్టేశాను.

"నాకు నీళ్లల్ల కాళ్లు వెట్టాలనున్నది," అంది అత్త. "రెండు కాళ్లు."

కిరాయి జీపు డ్రైవరును ఇంటికి పిలిపించాం. చర్ల దారిలో ఇసుక లారీలు నదిలోకి దిగే బాట ఒకటి తనకు తెలుసన్నాడు.

"ఆడికెంచి నీళ్లు దగ్గరనే అక్కా. గింత దూరమే."

"నీ గింత నాకొద్దు తమ్మీ. బండి ఆగిన కాడికెంచి నీళ్లకు ఎన్ని చీరెల పొడుగుంటదో చెప్పు."

అతడు తల గోక్కున్నాడు. కళ్లు మూసుకుని గాలిలో చీరలు పరిచాడు. "ఐదారు ఉంటయేమో అక్కా."

"గట్లయితే పోదాం."

ఇన్నాళ్లూ నాకు ఎవరూ ఇవ్వని జవాబును ఆమె ఒక్క ప్రశ్నతో రాబట్టింది.

అనుకున్న రోజున జీపు లారీల బాట చివర ఆగింది. అత్త దిగి కర్ర ఆనించగానే అది ఇసుకలో జానెడు దిగబడింది. పీకి మరోచోట పెట్టింది. అక్కడా దిగబడింది.

"ఈడికెంచి గూడ మంచిగనే కనబడుతుంది గదా అత్తా," అన్నాను. అన్న మరుక్షణం నా గొంతు నాకే పరాయిదిగా వినిపించింది.

అత్త కర్ర పక్కన పడేసి ఇసుకలో కూర్చుంది. రెండు చేతులూ వెనక్కి ఆనించి, కుడికాలితో తన్నుకుంటూ, సన్నకాలిని ఈడ్చుకుంటూ ముందుకు జరగసాగింది. ఇంట్లో ఇన్నేళ్లలో ఆమెను అలా చూడలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. అలా చూసినందుకు సిగ్గుపడ్డాను. డ్రైవరు ఎత్తుకోబోతే కసిరింది.

"ఆగు తమ్మీ, నేనేమన్న బియ్యం బస్తానా?"

మూడుసార్లు ఆగింది. మోచేతుల దాకా ఇసుక. చివరికి సన్నకాలిని రెండు చేతులతో ఎత్తి ముందుగా నీళ్లలో పెట్టింది, తర్వాత రెండోదాన్ని. నేను పక్కన కూర్చున్నాక నావైపు తిరిగింది. ముఖంలో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"ఏమే, ఒడ్డుకు నీళ్లు గింత ఎచ్చగుంటయా?"

"ఎండకు కాగుతయి అత్తా."

"అందరు తడిసొచ్చేటోళ్లు," అంది. "ఒక్కలన్న చెప్పలే."