టెక్కలిలో వెలగని పొయ్యి, ఉద్దానం ఒడ్డున పోలమ్మ

కాశీబుగ్గలో పొద్దున్నే బయలుదేరి, టెక్కలిలో పని చూసుకుని, నౌపడ మీదుగా ఉద్దానం తీరానికి వెళ్లి, చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చా అని అడిగితే చేరవచ్చనే చెబుతాను. నేను మొన్న అలాగే వెళ్లి వచ్చాను. కాకపోతే మేం సముద్రం చూడటానికి వెళ్లలేదు. టెక్కలిలో గదిలో దిగిన ఒక పెద్దావిడ ఆ గది వదిలేసి వెళ్లిపోయిందని కబురు వస్తే, ఆమెను వెతికి వెనక్కి తీసుకురావడానికి వెళ్లాం. ఆమె పేరు పోలమ్మ. ఆ గదిలో మొదటిరోజు పాలు పొంగించింది నేనే.

మా వీధి చివర, ఇల్లూ వాకిలీ లేనివాళ్లు ఉండే వసతి గృహం ఒకటి ఉంది. అందరూ షెల్టర్ అంటారు. అక్కడ పనిచేసే రాజేశ్వరిని నేను అప్ప అని పిలుస్తాను. మా వైపు అక్కను అలాగే అంటాం. స్టేషన్లో, బస్టాండులో పడుకునేవాళ్లతో మాట కలపడం, వాళ్లను షెల్టర్‌కి తీసుకురావడం, ఆధార్, పింఛను లాంటివి చేయించడం, చివరికి ఒక గది చూసి, అందులో కుదురుకునేదాకా కనిపెట్టుకుని ఉండటం ఆమె పని. గది దొరకడం కన్నా గదిలో మనిషి నిలవడం కష్టం అంటుంది అప్ప. పోలమ్మది తీరంలో జాలర్ల ఊరు. భర్త పోయాడు, ఆ తర్వాత తుఫాను గాలికి పాక కూడా పోయింది. మా కాశీబుగ్గ పక్కనే ఉన్న పలాస స్టేషన్‌కి చేరి ఏళ్ల తరబడి అక్కడే గడిపింది. ఎంతో తిరిగితే అప్పకు టెక్కలిలో ఒక గది దొరికింది. ఇల్లుగలావిడ సరోజనమ్మ ఒక్కటే కోరింది. దిగబోయేది భర్త లేని మనిషి కాబట్టి, పాలు మాత్రం ముత్తయిదువ ఎవరైనా పొంగించాలి. స్టేషన్ నుంచి వచ్చిన ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వడానికి ఒప్పుకోవడమే గొప్ప అనుకుని అప్ప సరేనని, నన్ను తోడు రమ్మంది. వెళ్లాను, పొంగించాను, వచ్చేశాను.

తర్వాత నెల తిరగకుండానే, మొన్న పొద్దున్నే సరోజనమ్మ ఫోన్ చేసిందట. గదికి తాళం వేసి ఉందని, నాలుగు రోజులుగా మనిషి అయిపూ జాడా లేదని, సాయంత్రంలోగా వస్తే సరే, లేకపోతే గది అడుగుతున్న మరొకరికి ఇచ్చేస్తానని చెప్పింది. అప్ప మా గుమ్మంలోకి వచ్చి, "పోలమ్మకి నీ మొకం తెలుసు కదమ్మీ, ఓపాలి నాతోటి రా" అంది. మా ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లడానికి చొక్కా తొడుక్కుంటున్నారు. నేను ఆయన వైపు చూశాను. "అప్పతోటే కదా, ఎల్లు. ఈ గోడలు తప్ప ఏటి సూసినావు నువ్వు" అన్నారు. నీళ్ల సీసా నింపుకుని బయలుదేరాను.

ఏడున్నరకు కాశీబుగ్గలో పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు ఇప్పుడు అందులో డబ్బు కట్టక్కరలేదు కానీ ఆధార్ దగ్గర ఉంచుకోవాలి. నేను సంచిలో అడుగున పెట్టి తీయడానికి తంటాలు పడుతుంటే కండక్టర్, "నిదానంగా తియ్యమ్మా, టెక్కలి గంట దూరం ఉంది, నానెక్కడికీ పారిపోను" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్ప మాత్రం నవ్వలేదు. గదిలో దింపాక మొదటి నెలంతా వారం వారం వెళ్లి చూడటం ఆమె పద్ధతి. వెళ్లి లోపల కూర్చుని, వాళ్లు పెట్టింది ఏదైనా నోట్లో వేసుకుని వస్తుంది. ఈసారి స్టేషన్ మనిషి ఇంకొకరు శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉండటంతో ఆయన వెంటే తిరగాల్సి వచ్చింది. పోలమ్మ దగ్గరికి ఒక్కసారే వెళ్లింది, అదీ గుమ్మంలో నిలబడి. "బాగున్నాను, ఎల్లు అప్పా అంది. నానెల్లిపోనాను. లోనకెల్లి కూకోవలసింది" అని కిటికీ వైపు తిరిగి రెండుసార్లు అంది.

టెక్కలి బస్టాండు దగ్గర వేడిగా ఇడ్లీ తిన్నాం. అక్కడి నుంచి గది పది నిమిషాల నడక. సరోజనమ్మ వాకిలి ఊడుస్తూ మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టింది.

"మీరే సూడండమ్మా, నానేటి తక్కువ సేసినాను? ఫేను పెట్టించినాను. సాప నాదే. నీల్లు నానే మోటారు ఏసి పట్టీదాన్ని."

"గొడవేటైనా అయిందా?" అని అడిగింది అప్ప.

"గొడవా? నోరు మెదిపితే కదా గొడవ! పొద్దున్న సెంటర్లో ఇడ్లీ తెచ్చుకునీది, మద్దేనం పొట్లం తెచ్చుకునీది. పొయ్యి ఎలిగించుకోవే అంటే నవ్వీసి ఊరుకునీది. గేసు పొయ్యంటే బయమేమో అనుకున్నాను."

తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసింది. గది శుభ్రంగా ఉంది. చాప గుమ్మానికి ఆనుకుని పరిచి ఉంది, లోపలి గోడ వైపు కాదు. షెల్టర్ వాళ్లు ఇచ్చిన చిన్న గ్యాస్ పొయ్యి మూలన బల్ల మీద ఉంది. దాని మీద నేను కడిగి బోర్లించిన గిన్నె బోర్లించినట్టే ఉంది. పొయ్యికి నేను పెట్టిన పసుపు బొట్టు ఎండి పగిలింది. పక్కనే నేను తెచ్చిన అగ్గిపెట్టె. తెరిచి చూస్తే నిండుగా ఉంది. అంటే ఆ రోజు నేను గీసిన పుల్ల తర్వాత ఆ పొయ్యి ఎవరూ వెలిగించలేదు. అప్ప చాప వైపు, పొయ్యి వైపు మార్చి మార్చి చూసి, "ఈ మనిసి ఇక్కడ కాపరం సెయ్యనేదు, కాపలా కాసింది" అంది. అగ్గిపెట్టె ఎందుకు తీసుకున్నానో తెలియదు, సంచిలో వేసుకున్నాను.

పోలమ్మ ఎక్కడికి వెళ్లి ఉంటుందో చెప్పడానికి ఒకటే ఆనవాలు, ఆమె పుట్టిన ఊరు. టెక్కలి నుంచి నౌపడకు షేర్ ఆటోలు తరచుగా ఉంటాయి, తలకు ఇరవై, ముప్పై అడుగుతారు. నౌపడలో రైలెక్కి పూండిలో దిగాం. పాసింజర్ రైలు వేళలు ముందే కనుక్కుని వెళ్లండి. మేం కనుక్కోకుండా వెళ్లి గంట పైగా బల్ల మీద కూర్చున్నాం. నౌపడ దగ్గర ఉప్పు మడులు చూడదగ్గవి. తెల్లటి కుప్పలు వరుసగా, వాటి మధ్య మోకాళ్లదాకా చీర ఎగదోపుకుని ఉప్పు లాగే ఆడవాళ్లు. ఇంకో రోజు అయితే ఆగి చూసేవాళ్లం. అప్ప ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

పూండిలో ఆటో మాట్లాడుకున్నాం. రోడ్డుకు రెండు పక్కలా జీడితోటలు, కొబ్బరి చెట్లు, మధ్యమధ్యలో పనసలు. నీడ పోయి ఇసుక కనిపించిందంటే ఊరు వచ్చినట్టే. డ్రైవర్ మమ్మల్ని అద్దంలోంచి చూసి, "పిక్నిక్కాప్పా?" అన్నాడు.

"పోలమ్మని ఒకామె కోసం. పలాస టేసన్ కాడ ఉండీది."

"మా పోలమ్మత్తా? అలా సెప్పండి! ఎండుసేపల పాకలో ఉంది. వచ్చి వారం అవనేదు, అప్పుడే అందరినీ తిడతంది."

ఆ మాటకు అప్ప మొహం ఆ రోజు మొదటిసారి కాస్త తేలికపడింది.

ఒడ్డున పడవలు పైకి లాగి ఉన్నాయి. వాటి వెనక కొబ్బరి కమ్మల పాక. ముందు ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండేశారు. పోలమ్మ పాక వెనక, గాలి తగలని చోట, మూడు రాళ్లు పెట్టి కొబ్బరి మట్టలతో మంట చేసి కుండ ఎక్కించింది. స్టేషన్లో, షెల్టర్లో, టెక్కలిలో ఒంగి నడిచే మనిషిగానే ఆమెను చూశాను. ఇక్కడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి పెద్దగా నవ్వింది.

"ఓలమ్మా, పాలపిల్ల వచ్చింది! మీ ఆయన ఇంత దూరం ఎలాగ ఒగ్గినాడే?"

నేను పవిటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అప్ప ఇసుకలో ఆమె పక్కనే కూలబడింది.

"గది కాడ ఏటి లోటైంది పోలమ్మా? ఆమె ఏటైనా అన్నాదా?"

"అననేదు. మంచిదే ఆమె. ఫేను ఎంత గాలొచ్చీదనుకున్నావు!"

"మరెందుకొచ్చీసినావు?"

పోలమ్మ ఒక మట్ట విరిచి మంటలోకి తోసింది. "పాలు పొంగించీనప్పుడు నన్ను గుమ్మం అవతల ఉండమన్నారు. ఉన్నాను. పొంగినాయి. పరవన్నం నాకూ ఇచ్చినారు, అరుగు మీద కూకుని తిన్నాను. మీరు బస్సుకి టైమైపోతందని బేగి ఎల్లిపోనారు. ఇంక లోనకి రా, ఇది నీ పొయ్యి అని నాకెవులు సెప్పినారు?"

"అది సెప్పాలేటి? గది నీదే కదా!"

"గది నాదే. పొయ్యి నాది కాదు." ఆమె గొంతులో కోపం లేదు. "టేసన్లో అగ్గి ఎలిగించనిత్తారేటప్పా? మీ సెల్టర్లో వంటామె ఉంది. పాక పోనాక నానొక పొయ్యి అంటించనేదు. గదొత్తాదని నువ్వు సెప్పినప్పటి నుంచి అదే అనుకున్నాను. నా సేత్తో పుల్ల గీత్తాను, సేపల పులుసు కాత్తాను, నిన్ను కూకోబెట్టి పెడతాను అని. ఆ రోజు గుమ్మంలో నిలబడి సూసినాను. అయిపోయింది."

నాకు ఆ రోజు గుర్తొచ్చింది. నేను పాల గిన్నె మీద నుంచి కళ్లు తిప్పలేదు, పొంగు పక్కకు పోతే బాగుండదని సరోజనమ్మ చెప్పిందని. గుమ్మంలో నిలబడిన మనిషి మొహం మాలో ఎవరూ చూడలేదు. పోలమ్మ నా వైపు తిరిగి, "నువ్వు ఏడవకే. నిన్ను గియ్యమన్నారు, గీసినావు. నీదేటుంది?" అంది.

"ఇప్పుడు రా" అంది అప్ప. "సాయంత్రందాకా టైమిచ్చింది. నువ్వే ఎలిగించు. మేం అవతల నిలబడతాం, నానూ ఆ సరోజనమ్మా."

పోలమ్మ నవ్వింది. "అంటించీసిన పొయ్యిని మల్లీ అంటించడమేటప్పా? కొత్త పొయ్యికి అది ఒక్కసారే. ఇంకో గది దొరికితే సెప్పు, వత్తాను. ఆ గదికి రాను."

ఇంకో గది అంత సులువుగా దొరకదని ఆమెకూ తెలుసు. ఆ పాక పడవ యజమానిది. సముద్రంలో వేట ఆపే రోజులు వస్తే చేపలూ ఉండవు, పాకా ఉండదు. అప్ప ఇవన్నీ చెప్పింది, బతిమాలింది. పోలమ్మ అన్నిటికీ తల ఊపి, అన్నం వార్చి, మా ఇద్దరికీ సత్తు పళ్లాల్లో ఎండుచేపల పులుసుతో పెట్టింది. మేం తింటున్నంతసేపు మా ఎదురుగా కూర్చుని, ఎవరికి ఎంత కావాలో అడగకుండా వడ్డించింది. అంత రుచిగా తిని చాలా రోజులైంది. అప్ప పళ్లెం ఖాళీ చేసేదాకా లేవలేదు. చెయ్యి కడుక్కుని, దూరంగా పడవల దగ్గరికి వెళ్లి సరోజనమ్మకు ఫోన్ చేసి, గది ఇచ్చేసుకోమని చెప్పింది.

బయలుదేరేటప్పుడు సంచిలో నీళ్ల సీసా కోసం వెతుకుతుంటే అగ్గిపెట్టె పైకి వచ్చింది. పోలమ్మ దాన్ని గుర్తుపట్టింది. "అది ఇచ్చీసెల్లు" అని చెయ్యి చాపింది. ఇచ్చాను. బొడ్డున దోపుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణం సులువే. వజ్రపుకొత్తూరు మీదుగా కాశీబుగ్గకు ఆటోలు దొరుకుతాయి, గంటలోపే చేరిపోతాం. పలాస స్టేషన్ ముందు ఆటో ఆగినప్పుడు, ఒకప్పుడు పోలమ్మ పడుకునే చోటు వైపు చూసి అప్ప, "ఆ గది కోసం ఎన్ని గుమ్మాలెక్కినానో. కావాలని తప్పు సేసుంటే నన్ను నాను తిట్టుకుందును, మంచి సేద్దామనే సేసినాను" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మేం చేసిందాంట్లో చెడ్డ మనిషి ఎవరూ లేరు. సరోజనమ్మ తన ఇంటి మంచి చూసుకుంది, అప్ప గది జారిపోకుండా చూసుకుంది, నేను పాలు చూసుకున్నాను. ఇప్పుడు ఆ గదిలో ఎవరో వండుకుంటూ ఉంటారు. వేట ఆపే రోజులు దగ్గర పడుతున్నాయి, అప్ప మళ్లీ గుమ్మాలెక్కుతోంది.

ఎవరినైనా ఒక కొత్త గదిలో దింపడానికి టెక్కలి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అక్కడి నుంచి పలాసకు చీకటి పడ్డాక కూడా బస్సులు ఉంటాయి. మేం ఆ రోజు తొందరపడాల్సిన అవసరమే లేదు. ముందొచ్చే బస్సు వదిలేయండి. ఆ మనిషి తన చేత్తో పొయ్యి వెలిగించి వండింది తిని, తర్వాత బస్సుకు బయలుదేరండి.