బావగారి పెన్సిలు దిద్దుబాట్లు

మా వేలంశాలలో గడియారాలు నావి, పుస్తకాలు అక్కయ్యవి. సొంతం కావు లెండి. వేలానికొచ్చిన గడియారం నడుస్తుందో లేదో చూసి చీటీ కట్టడం నా పని. పుస్తకంలో పేజీలన్నీ ఉన్నాయో లేదో తిప్పి చూసి చీటీ కట్టడం ఆవిడ పని. ఒకరి చీటీ మీద ఇంకొకరు సాక్షి సంతకం చేయాలి. పదకొండేళ్లుగా ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని అక్కా తమ్ముడని వరస కలుపుకున్నాం. ఇన్నేళ్లలో ఆవిడ ఉన్నది దాచలేదు, లేనిది రాయలేదు. చిన్న పురుగు కన్నమైనా సరే, చీటీకి ఎక్కాల్సిందే.

మొన్న మూతపడిన ఒక లైబ్రరీ సామాను వచ్చింది. టేకు బల్లలు, గాజు తలుపుల బీరువాలు, నిలువెత్తు లోలకం గడియారం, పన్నెండు సంపుటాల విజ్ఞాన సర్వస్వం. మొదటి సంపుటం తెరవగానే అక్కయ్య చెయ్యి ఆగిపోయింది. మార్జిన్ల నిండా సన్నటి పెన్సిలు దిద్దుబాట్లు. తేదీలు, ఎత్తులు, దూరాలు.

"మా ఆయన రాత," అంది.

బావగారు పోయి రెండేళ్లయింది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. సాయంత్రాలు ఆ లైబ్రరీలో కూర్చుని అక్కడి పుస్తకాల్లోనూ తప్పులు పట్టేవారట. ఇంట్లో సరుకుల చీటీని కూడా వదిలేవారు కాదట. "నలభై ఏళ్లు కాచుక్కూచున్నా తమ్ముడూ, ఆయన తప్పు ఒక్కటి దొరికి చావలేదు," అని ఆవిడ నవ్వుతూ చెప్పేది.

మా వేలంశాల యజమాని చూసి ఒంటికాలి మీద లేచాడు. "ఎవడో పనిలేనివాడు గీకిపెట్టాడు. రబ్బరుతో చెరిపెయ్యండమ్మా."

ఆ పనిలేనివాడెవరో అక్కయ్య చెప్పింది. ఆయన నాలిక కరుచుకున్నాడు. కానీ కొన్నవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే కదా. "సరే, అన్నీ సరైనవైతే ఉంచండి. ఒక్కటి తప్పని తేలినా మొత్తం చెరిపెయ్యాలి," అన్నాడు.

మూడు రోజులు ఆవిడకు తిండి ధ్యాస లేదు. వేరే పుస్తకాలు ముందేసుకుని ఒక్కొక్క దిద్దుబాటూ సరిచూసింది. ఒకటి నిజమని తేలినప్పుడల్లా, తనే రాసినంత గర్వంగా "చూశావా!" అనేది.

చివరి సంపుటం చివరి పేజీల్లో ఉండగా అడిగింది. "తమ్ముడూ, ఎండాకాలంలో లోలకం గడియారం ముందుకు పోతుందా, వెనకబడుతుందా?"

"వెనకబడుతుంది. వేడికి కడ్డీ సాగుతుంది కదక్కయ్యా," అన్నాను తల ఎత్తకుండానే.

ఆవిడ ఆ పేజీని నా వైపు తిప్పింది. లేచి వెళ్లి చూశాను. 'వెనకబడతాయి' అన్న అచ్చు మాటను బావగారు కొట్టేసి, పక్కన 'ముందుకు పోతాయి' అని రాశారు. నా నోరు పడిపోను, తెలీదంటే పోయేది!

అక్కయ్య మాత్రం నవ్వింది. "దొరికాడు!" అంది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చేసింది. "ఇన్నాళ్లకి దొరికాడు తమ్ముడూ. చెబుదామంటే మనిషి లేడు."

కళ్లు తుడుచుకుని సొరుగులోంచి రబ్బరు తీసింది. ఆవిడ పుస్తకం మీద రబ్బరు పెట్టడం పదకొండేళ్లలో నేను చూడలేదు. ఆ రోజూ చూడలేదు. వెళ్లి నా గడియారం వైపు తిరిగి కూర్చున్నాను.

కాసేపటికి చీటీ నా బల్ల మీదకు వచ్చింది. 'పేజీలు పూర్తిగా ఉన్నాయి. మార్జిన్లలో పెన్సిలు దిద్దుబాట్లు ఉన్నాయి. అన్నీ సరైనవే.'

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. సాక్షి సంతకం పెట్టాను.