గడి ముందు ఆపిన లారీ

ఆ రోజు కోస్గి దారిలో ఉన్నవి: బొగ్గు గ్యాసుతో నడిచే లారీ ఒకటి, ఆముదం గింజల బస్తాలు ఇరవై, లారీ యజమాని అయిన మా ఉస్తాదు, సొంత లారీ కొనాలని ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్న నేను.

యుద్ధకాలం, పెట్రోలు దొరికేది కాదు. బొగ్గు గ్యాసు ఇంజను ఆగితే మళ్లీ అందుకోవడానికి అరగంట పట్టేది. "ఇంజన్ ఆపకు బిడ్డా" అని ఉస్తాదు రోజూ నా వీపు చరిచేవాడు. అలాంటి మనిషి, దొర కోటలాంటి గడి కనబడగానే తనే ఇంజను ఆపి, చెప్పులు విప్పి దిగాడు.

"లారీ నీదే గదా ఉస్తాద్, ఎందుకు దిగుతున్నవ్?"

"దొర గడి ముందు మనం బండెక్కి పోవద్దు. సొంత లారీ కొంటనంటివి గదా, గిది గూడ నేర్సుకో. తొయ్యి."

గడి అరుగు మీది కావలివాడు పకపకా నవ్వాడు. "ఏం రా డ్రైవరూ, ఎడ్లు దొర్కలేదా?"

"దొర్కలే అన్నా" అని ఉస్తాదూ నవ్వాడు.

దొర మీద కంటే ఆ నవ్వు మీదే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గేర్లు నేర్పినంత ఓపిగ్గా ఆయన నాకు వంగడం నేర్పాడు. నేనూ చెప్పులు విప్పి తోశాను. గడి గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నూట పద్దెనిమిది అడుగులు.