ఒక మోకాలు, మూడు రకాల మంచు

మా అమ్మాయి మెట్లు దిగుతున్న చప్పుడు వింటే చాలు, ఎడమ కాలు ఎప్పుడు పడిందో, కుడి కాలు ఎప్పుడు పడిందో నాకు తెలిసిపోయేది. తన ఎడమ మోకాలు మెలిపడిన తర్వాత అబ్బిన విద్య అది.

దుబాయ్‌లో గాజు గోడల వెనక ఏడాది పొడుగునా మంచు పరిచి ఉంచే వాలు ఒకటి ఉంది. బడివాళ్ళు విహారానికి తీసుకెళ్ళిన రోజున అక్కడ మొదలైన మంచు మీద జారే ఆట తనకి వ్యసనమైంది. కోవిడ్ ఆంక్షలు సడలించాక మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే ఆ వాలు మీద పడింది. కాలు ఒక వైపు తిరిగింది, కాలికి తగిలించిన పొడుగాటి స్కీ బద్ద మరో వైపు తిరిగింది. పడినప్పుడు ఊడాల్సిన స్కీ ఊడలేదు. నెలల తరబడి పట్టీ కట్టుకుని తిరిగింది. “ఇంకోసారి ఇలాగే మెలిపడితే ఆపరేషన్ తప్పదు. ఆ తర్వాత ఆట సంగతి మరిచిపోవాలి” అన్నారు డాక్టరు.

ఆ మాట విన్న ఏడాదికి, జనవరిలో జార్జియా కొండల్లో జరిగే శిక్షణకి క్లబ్బు తనని ఎంపిక చేసింది. అప్పుడు తనకి పదిహేనేళ్ళు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. వెంట తీసుకెళ్ళడానికి క్లబ్బులో ఉన్న పాత స్కీలు ఎరువిస్తామన్నారు. వాటికి మాత్రం వద్దన్నాను. మా తాతగారి కాలంలో మా ఇంటినుంచి ఊళ్ళోకి సామాను ఎరువు వెళ్ళేది గాని, మా ఇంటికి ఎరువు వచ్చింది లేదు. ఇప్పుడు దుబాయ్‌ సత్వా పేటలో రెండు గదుల్లో ఉంటున్నాం, మా ఆయన జెబెల్ అలీ రేవులో గోదాము ఉద్యోగం చేస్తారు. అయినా ఎరువు కాళ్ళతో నా కూతురు కొండ దిగడం నాకు సమ్మతం కాలేదు.

కొనే ముందు జారి చూసుకోమని ఆ వాలు పక్కనే ఉన్న దుకాణం వాళ్ళు మూడు జతలు ఇచ్చారు. మూడూ ఆడవాళ్ళ కోసం చేసినవే. ఆ మాట దగ్గరే నేను బిగుసుకున్నాను. మా ఇంట్లో ఆడవాళ్ళ పంక్తి అంటే చల్లారిన అన్నం. “మగవాళ్ళవైతే ఇంకా గట్టిగా ఉంటాయేమో, అవి చూపించకూడదా?” అని మాతో వచ్చిన క్లబ్బు శిక్షకురాలిని అడిగాను. ఆ అమ్మాయిది హైదరాబాద్. నేనెంత ముభావంగా ఉన్నా నన్ను ఆంటీ అనే పిలిచేది.

“గట్టిగుంటే ఏం లాభం ఆంటీ? బరువు తక్కువున్నోళ్ళు ఎక్కితే అది వంగనే వంగదు. వంగకుంటే మలుపు తిరగదు. మలుపు తిరగకుంటే, యల్లా, సీదా గోడకే!”

“మరి ఈ మూడింటికీ తేడా ఏమిటమ్మా?”

“మంచు తేడా. అక్కడ కొండ మీద పొద్దుగాల గాజు లెక్కుంటది. మధ్యాహ్నం పెరుగన్నం అయితది. రాత్రి కురిసిందనుకో, తెల్లారేసరికి మోకాళ్ళ దాంక దూది. ఒక్క జతతోని మూడింటినీ ఎల్లదీయాలె.”

మోకాళ్ళ మాట వినగానే నా చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

ఇక్కడుండేది యంత్రం చేసిన మంచే. అయినా దానిలోనూ పూటల తేడా ఉంటుందని ఆ రోజే తెలుసుకున్నాను. పొద్దున్నే యంత్రం దువ్వి వెళ్ళిన వాలు సన్నటి చారలతో, సిమెంటు గచ్చులా ఉంది. మధ్యాహ్నానికి జనం తొక్కి తొక్కి అది తడిసిన పంచదార కుప్పల్లా తయారైంది. ఒక పక్కన కొత్త మంచు ఇంకా పరవకుండా పోసి ఉంచారు. శిక్షకురాలు పైవాళ్ళని అడిగి అక్కడ జారడానికి కూడా అనుమతి తెచ్చింది.

నేను చీర మీద కోటు వేసుకుని లోపలే, కంచె పక్కన నిలబడ్డాను. గాజు గోడకి అవతల వెచ్చగా కాఫీ తాగుతూ చూసే వీలుంది. కానీ అంత దూరం నుంచి మోకాలు కనబడదు.

మొదటి జత సన్నం, గట్టిది. పొద్దుటి మంచు మీద దాని అంచు దిగబడి, గీత గీసినట్టు తిరిగింది. మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది. క్లబ్బులో వేగంగా వెళ్ళే పిల్లలంతా వాడేవి అలాంటివే. రెండోది వెడల్పు, మెత్తన. అదే మంచు మీద అది పక్కకి జారిపోతూ గరగరమంది. నిలదొక్కుకోవడానికి తను రెండు చేతులూ చాచింది. మూడోది రెండింటికీ మధ్యరకం. దాన్ని చూసి తను పెదవి విరిచింది.

మధ్యాహ్నానికి లెక్క తారుమారైంది. పోసి ఉంచిన కొత్త మంచులో వెడల్పు జత పడవలా తేలితే, సన్న జత మునిగింది. తొక్కిన మంచులో సన్న జత ప్రతి కుప్పకీ కొట్టుకుంటూ వచ్చింది. ఒకచోట దాని ముక్కు కుప్పలోకి గుచ్చుకుని, మా అమ్మాయి నడుము ఒక వైపు, కాళ్ళు ఒక వైపు అయ్యాయి. ఎలా పడకుండా ఆగిందో నాకిప్పటికీ తెలియదు.

“చూశావా, పడలేదు!” అంది నా దగ్గరికి వచ్చి. “నాకు ఇదే కావాలి.”

“ఆ మాట నీ కాలు చెప్పిందా?”

“నా కాలికి నీకన్నా ధైర్యం ఎక్కువమ్మా.”

శిక్షకురాలు పకపకా నవ్వింది. “నీ కాలు ధైర్యంగనే ఉంది పిల్లా, మంచుకే ఆ సంగతి తెల్వదు. మధ్యలది తీస్కో. గాజు మీద పట్టుకుంటది, పెరుగన్నంల కొట్టుకోదు, దూదిల నిండా మునగదు. దేంట్ల ఫస్టు రాదు, దేంట్ల ఫెయిలు కాదు. ఖలాస్!”

దేనిలోనూ మొదటిది కాని వస్తువుని మా వంశంలో ఎవరూ కోరి తెచ్చుకోరు. నాకు మాత్రం ఆ క్షణాన అంతకు మించిన వస్తువు లోకంలో లేదనిపించింది. తను ముఖం ముడుచుకునే ఒప్పుకుంది.

అక్కడితో నా గుండె కుదుటపడాల్సింది. కానీ ఇంకా వర్క్‌షాపు మిగిలి ఉంది. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి ఊడాలో లెక్కచూసి అక్కడ బిగిస్తారు. ఆ పని చేసే అతనిది నెల్లూరు. మా అమ్మాయి ఎత్తూ బరువూ అడిగాడు, బూటు అడుగు కొలిచాడు.

“ఏం పాపా, యెట్టా జారతావు? నింపాదిగానా, మధ్యస్తంగానా, దూకుడుగానా?”

వెనక వరసలో తన క్లబ్బు పిల్లలు ఇద్దరున్నారు.

“దూకుడుగా” అంది మా అమ్మాయి.

ఆ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా ఇంట్లో ఎవరేం అడిగినా ఒక మెట్టు పైనుంచి చెప్పడం అలవాటు. పొలం ఎంతుందని అడిగితే, మా నాన్నగారు అమ్మేసినది కూడా కలిపి చెప్పేవారు. మా అమ్మాయి మాట చెవిన పడగానే నా వీపు ఇంకాస్త నిటారైంది.

“అయితే పైన పెడతా” అన్నాడతను.

“పైన పెడితే ఏమవుతుంది?”

“గట్టిగా పట్టుకుంటాదమ్మా. దూకుడుగా పొయ్యేవాళ్ళకి ఊరికూరికే ఊడిపోకుండా.”

“మరి పడినప్పుడు?”

“పడినప్పుడూ అంతే. సులువుగా ఊడదు.”

“నింపాది రకానికి పెట్టండి” అన్నాను.

“అమ్మా!” అంది మా అమ్మాయి.

“మరీ తగ్గిస్తే వేగంగా వస్తా వస్తా ఉన్నట్టుండి ఊడిపోద్ది. మోకాలు బాగానే ఉంటాది, మూతి పగలద్ది. ఏదో ఒకటి తేల్చండమ్మా, వెనక జనం ఉండారు.”

వెనక పిల్లల్లో ఒకరు రెండో అమ్మాయి చెవిలో ఏదో అన్నారు. మా అమ్మాయి ముఖం కందిపోయింది. నలుగురి చూపులు ఎలా గుచ్చుకుంటాయో నాకంటే బాగా ఎరిగినవాళ్ళు తక్కువ. కారు దిగి బస్సెక్కిన ఇంటి పిల్లని నేను.

“మధ్యస్తం” అన్నాను, అందరికీ వినబడేలా. “పోయినేడు పడింది. ఎడమ మోకాలు మెలిపడింది. అప్పుడు స్కీ ఊడలేదు. బాగానే జారుతుంది గాని, దూకుడుగా జారేంత రాలేదింకా.”

“పరువు తీశావు” అంది తను పళ్ళ బిగువున.

“తీశాను. కాలుంటే మళ్ళీ సంపాదించుకుందువు గాని.”

అతను బిగించి, బూటుని పక్కకి మెలితిప్పి, ఊడడం చూపించాడు. ఇంకోసారి తిప్పమన్నాను. తిప్పాడు. ఇంకోసారి అన్నాను.

“ఇదేమన్నా కొబ్బరికాయా అమ్మా, చెవి కాడ పెట్టి ఊపి చూసేదానికి?”

సాయంత్రం శిక్షకురాలు కొత్త జతతో ఒకసారి జారి చూడమంది. తను నావైపు చూడకుండా పైకి వెళ్ళింది. దిగేటప్పుడు, కావాలనే కాబోలు, కుప్పలు ఎక్కువగా ఉన్న వైపే తిరిగింది. ఒక కుప్ప దాటింది. ఇంకొకటి దాటింది. ఆ తర్వాత ఎడమ స్కీ ఆగింది, తను ఆగలేదు.

టప్పుమని చప్పుడైంది. స్కీ కుప్పలోనే ఉండిపోయింది. తను బోర్లా కొంతదూరం జారి ఆగింది. లేవలేదు.

కంచె దాటకూడదని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాటాను. మామూలు బూట్లతో కాస్త దూరం వెళ్ళేసరికి కాలు జారి చతికిలబడ్డాను. ఎవరో ఈల వేసి అరిచారు. అలా కూర్చునే చూశాను. తను మోచేతుల మీద లేచింది. ఎడమ కాలు మడిచింది. చాపింది. మళ్ళీ మడిచింది.

తర్వాత లేచి, రెండో స్కీనీ విప్పి, ఎగువకి నడిచి ఊడినదాన్ని తీసుకుని, రెండూ చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఊడింది” అంది.

“నొప్పి?”

“లేదు. నువ్వేంటి కింద?”

“పడ్డాను.”

తను చెయ్యి అందించి నన్ను లేపింది. చీర కుచ్చిళ్ళకి అంటిన మంచు దులిపింది. నా మీద కోపం ఇంకా పోలేదని ఆ దులపడంలోనే తెలుస్తోంది.

“ఇంకోసారి వెళ్ళొస్తాను” అంది.

వద్దనలేదు. జనవరిలో ఆ కొండ మీద కంచె పక్కన నేనుండను. ఎడమ బూటు స్కీలోకి దిగి టక్కుమంది. అది ఊడుతుందని కళ్ళారా చూశాను కూడా. అయినా తను వాలు మీదికి తీసుకెళ్ళే తీగ కుర్చీ ఎక్కి పైకి పోతున్నంతసేపూ, గాలిలో వేలాడుతున్న ఆ కాలి మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.